ఎదుగుతున్న ఆటగానికి తగిన బ్లేడు

టేబుల్ టెన్నిస్ బ్యాటులో రబ్బరు కింద దాగియుండే చెక్కను బ్లేడు అంటారు. రబ్బరు అరిగినప్పుడల్లా మారుతుంది. బ్లేడు మాత్రం ఏండ్ల తరబడి చేతిలో ఉంటుంది. కనుక దానిని ఎన్నుకోవడంలో తొందర కూడదు.

మన విద్యార్థులలో పలువురు మేటి ఆటగాండ్ర చేతిలోని కార్బన్ బ్లేడునే కోరుతున్నారు. నిబంధనల ప్రకారం బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కయే ఉండాలి. అయినా ఆ సన్నని కార్బన్ పొర బ్లేడు స్వభావాన్నే మార్చివేస్తుంది. చెక్క బిగుసుకొని, బంతి తాకిన మరుక్షణమే ఎగిరిపోతుంది. టాప్‌స్పిన్ కొట్టే వేళ బంతిని రాచి తిప్పవలసిన చేయి, అది బల్ల దాటిపోతుందన్న భయంతో సగంలోనే ఆగిపోతుంది. ఆ సగం దెబ్బయే అలవాటై కూర్చుంటుంది. మా దృష్టిలో అసలు నష్టం ఇదే. ధర సంగతి తరువాత.

ఐదు పొరల చెక్కతో, సుమారు 80 నుండి 90 గ్రాముల బరువుతో, ఇంచుమించు 6 మిల్లీమీటర్ల మందంతో లభించే ఆల్‌రౌండ్ బ్లేడు ఇందుకు భిన్నం. అది కాస్త వంగుతుంది. బంతి తాకిన తీరును అరచేతికి తెలుపుతుంది. చేతిని పూర్తిగా సాగించినా బంతిని బల్లపైనే ఉంచడం సులభం. స్వీడన్‌కు చెందిన స్టిగా సంస్థ వారి ఆల్‌రౌండ్ క్లాసిక్ ఈ కోవలోనిదే. పిడి ఆకారం ఎవరి చేతికి ఇమిడినది వారికి సరి.

కమిటీ వారికి మా విన్నపం ఒకటి. ఖరీదైన కార్బన్ బ్లేడు ఒక్కటి కొనే సొమ్ముతో రెండు ఆల్‌రౌండ్ బ్లేడులు కొని, 1.8 లేక 2 మిల్లీమీటర్ల స్పాంజి గల రబ్బరులను ఏటేటా మార్పించాలి. నున్నగా అరిగిన రబ్బరు ఏ బ్లేడుపైనా బంతిని తిప్పలేదు.