పులుసుకా? విత్తనానికా?

సంక్రాంతి దగ్గర పడుతోందంటే గోదావరి జిల్లాల్లో పుంజుకి పట్టాభిషేకమే! బాదంపప్పులు, ఉడకబెట్టిన గుడ్లు, మటన్ కైమా, వేణ్నీళ్ల స్నానాలు, చెరువులో ఈతలు... ఆ హంగామా గురించి ఏటా చదువుతూనే ఉంటాం. మరి ఆ పుంజు వచ్చిన గుడ్డును పెట్టిందెవరు? ఇరవయ్యొక్క రోజులు తిండీతిప్పలు మానేసి గంపలో కూర్చుని పొదిగిందెవరు? గద్ద నీడ పడినప్పుడల్లా రెక్కల కింద దాచిందెవరు? పెరట్లో పెంటకుప్ప కెలుక్కుంటూ తిరిగే పెట్ట. దాని ఫొటో ఏ పేపర్లోనూ పడదు.

పండగలకీ, చుట్టాలొచ్చినప్పుడూ ఇంటి ఇల్లాలు గంపెత్తి చూస్తుంది. ఏది పులుసుకి, ఏది మిగలాలి అని ఆ నిమిషంలో తేల్చేస్తుంది. మన జాతికోళ్ల తలరాత రాసేది పందెం బరి కాదు, ఆ నిమిషమే. అందులో పొరపాటు జరిగితే తెలిసేది మూడు నాలుగేళ్ల తర్వాత. అప్పటికి దిద్దుకోవడానికి పెరట్లో ఏమీ మిగలదు.

అసలు సిసలు... అసీల్

మనం జాతికోడి అని పిలిచేదాని పేరు అసీల్. అరబ్బీలో మేలైన పుట్టుక గలది, కల్తీ లేనిది అని అర్థం. రోజుకు వందసార్లు మన నోట వచ్చే ‘అసలు’ అన్న మాటా ఆ కుదురులోదే. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన దేశీ కోళ్లలో తెలుగు నేలతో సంబంధమున్నవి అసీల్‌తో పాటు ఘాగస్, కాళహస్తి కూడా. పేరు ప్రతిష్ఠల్లో మాత్రం అసీల్‌దే పైచేయి. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధానికి నిప్పు రాజేసింది కోడిపందెమేనని కథ. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టే ‘క్రీడాభిరామం’లోనూ కోడిపందెం ఉంది.

రంగును బట్టి పేర్లు. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, మెడ మీద నలుపూ తెలుపూ కలిసి ఉంటే పర్ల, వీపు మీదో రెక్కల మీదో పసుపు మెరిస్తే నెమలి. ఏ రంగు ఏ రోజు, ఏ దిక్కున గెలుస్తుందో చెప్పడానికి ఏకంగా కుక్కుట శాస్త్రమే ఉంది. ఆ శాస్త్రం చదివి ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారే తప్ప దాన్ని పట్టుకుని జాతిని నిలబెట్టినవాళ్లు కనబడరు. పైగా 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం పందెం నేరం కూడాను. కాబట్టి బరి సంగతి పక్కన పెట్టి పెరట్లోకి వెళదాం.

గుడ్ల లెక్కలో వెనకే...

ఉన్నమాట చెప్పుకోవాలి. అసీల్ పెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు ముప్ఫై, మహా అయితే నలభై. పదో పన్నెండో పెడుతుంది, పొదుగుకి కూర్చుంటుంది. పిల్లల్ని లేపి, రెండు మూడు నెలలు వెంట తిప్పుకుని, మళ్లీ గుడ్లకొస్తుంది. అదే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం తయారుచేసిన వనరాజా రకమైతే పెరట్లో తిరుగుతూనే వంద దాకా పెడుతుంది. ఫారంలో ఉండే తెల్ల లేయర్ కోడి సంగతి చెప్పక్కర్లేదు, మూడొందలు దాటిస్తుంది.

మరెందుకీ కోడి అంటే... వనరాజాలాంటివి సంకరాలు. పెట్టిన గుడ్డును అవి సాధారణంగా పొదగవు. వేరే పెట్ట కింద పెట్టి పొదిగించినా, పుట్టిన పిల్ల తల్లిలా ఉంటుందన్న నమ్మకం లేదు. ప్రతిసారీ పిల్లల్ని కొని తెచ్చుకోవాల్సిందే. అసీల్ పెట్టకు ఇంక్యుబేటర్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, దాణా బస్తాలు అక్కర్లేదు. నూకలు, గిన్నెలు కడిగిన మెతుకులు, పురుగూ పుట్రా చాలు. పిల్లి మీదికొస్తే ఎదురు తిరుగుతుంది. నాటుకోడి కూరకు ఉన్న గిరాకీ ఎలాగూ తెలిసిందే. గుడ్లు అమ్ముకోవాలనుకునే ఇంటికి వనరాజాయే మేలు, అందులో తప్పేమీ లేదు. రెండింటినీ ఒకే పెరట్లో కలిపి వదిలేయడమే తప్పు.

తలమీద దాగిన గుట్టు

అదెలాగో చూడాలంటే కోడి తల చూడాలి. అసీల్ తురాయి చిన్నది. బఠాణీ గింజలు మూడు వరుసలు పేర్చి అతికించినట్టు నెత్తికి అంటుకుని ఉంటుంది. ఫారం కోడికేమో రంపం పళ్లలా ఒకే వరుసలో నిటారుగా లేస్తుంది. ఈ రెండూ కలిస్తే పుట్టే పిల్లలకు ఏ తురాయి వస్తుంది? మధ్యస్థంగా ఏదో వస్తుందనుకుంటాం. కాదు, అన్నింటికీ బఠాణీ రకమే వస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే బేట్సన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కోళ్ల తురాయిల మీద ప్రయోగాలు చేసి ఈ లెక్క తేల్చాడు. బఠాణీ గుణం పైకి కనిపిస్తుంది, రంపం గుణం లోపల నక్కి ఉంటుంది.

సంకరం పిల్ల కూడా తల చూస్తే అచ్చం జాతికోడే! ‘ఒళ్లు కూడా బాగా చేసింది’ అని దాన్నే విత్తనానికి ఉంచుకుంటాం. దాని పిల్లలు ఒకదానితో ఒకటి కలిశాక ఎప్పుడో ఒకనాడు గంపలోంచి రంపం తురాయి పిల్ల బయటికొస్తుంది. అప్పుడు తప్పు ఆ పిల్లదనుకుని దాన్ని కోసుకుంటాం. అసలు గుట్టు మోస్తున్న తల్లీ తండ్రీ మాత్రం దర్జాగా తిరుగుతుంటాయి.

పుంజు మీద అనుమానముంటే తీర్చుకునే దారుంది. రంపం తురాయి ఉన్న పెట్టతో దాన్ని కలిపి, ఆ గుడ్లు పొదిగించి చూడాలి. పుంజు కల్తీ లేనిదైతే పిల్లలన్నింటికీ బఠాణీ తురాయే. గుట్టు మోస్తున్నదైతే ఇంచుమించు సగం పిల్లలకు రంపం తురాయి వస్తుంది. పదికి పది పిల్లలూ బఠాణీ తురాయితో వస్తే పుంజు మీద మచ్చ ఉండే అవకాశం వెయ్యిలో ఒకటి. అయితే ఇది తురాయి ఒక్కదాని సంగతే సుమా! తల పాసైనంత మాత్రాన ఒళ్లంతా పాసైనట్టు కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పుంజును మార్చిన మర్నాటి నుంచే గుడ్లు దాచడం మొదలుపెడతారు. పెట్ట కడుపులో పాత పుంజు బీజం రెండు మూడు వారాల దాకా సజీవంగా ఉంటుంది. కాబట్టి కొత్త పుంజు వచ్చాక మూడు వారాల పాటు వచ్చే గుడ్లన్నీ ఆమ్లెట్‌కే. పొదిగే గుడ్లను ఆ తర్వాతే ఏరాలి.

వెలిసిన కాళ్లే గొప్ప

మా అమ్మమ్మ పొద్దున్నే గంపెత్తి ఒక్కో పెట్టనూ చంకన పెట్టుకుని, తోక కింద వేళ్లతో తడిమి, ‘ఇది పెడుతుంది, ఇది పెట్టదు’ అని తేల్చేసేది. పిల్లలం మాకదో మంత్రం. మంత్రమేం లేదు. తోక కింద రెండు పక్కలా సన్నటి ఎముకలుంటాయి. గుడ్లు పెట్టని పెట్టకు వాటి మధ్య ఒక వేలే పడుతుంది. పెడుతున్నదానికి రెండు మూడు వేళ్లు పడతాయి, పొట్ట మెత్తగా ఉంటుంది.

కాళ్లు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. అసీల్ కాళ్లు పచ్చగా ఉంటాయి. మేత ద్వారా ఒంట్లో చేరిన ఆ పసుపు, గుడ్లు పెట్టేకొద్దీ సొనలోకి వెళ్లిపోతుంది. ముందు గుడ్డు వచ్చే చోట, తర్వాత కంటి చుట్టూ, ముక్కు మీద, చివరికి కాళ్ల మీద రంగు వెలుస్తుంది. గుడ్లు ఆగితే అదే వరుసలో తిరిగొస్తుంది. అంటే పసుపు పూసినట్టు నిగనిగలాడే కాళ్ల పెట్ట కొన్నాళ్లుగా పని మానేసిందని, వెలవెలబోయిన కాళ్లది కష్టపడుతోందని! మనమేమో అందంగా ఉందని మొదటిదాన్ని ఉంచుకుని, బక్కచిక్కిందని రెండోదాన్ని పొయ్యెక్కిస్తాం. జబ్బు చేసినా, కడుపులో పురుగులున్నా కాళ్లు వెలుస్తాయి కాబట్టి వేళ్ల పరీక్ష కూడా చేసుకుంటే మంచిది. ఇప్పుడిప్పుడే పిల్లల్ని లేపిన పెట్టకు మాత్రం పచ్చకాళ్ల నేరం మోపకూడదు, పాపం అది సెలవులో ఉన్నట్టు.

విత్తనానికి ఉంచే పెట్టలో ఇంకేం చూడాలి? రొమ్ము ఎముక వంకర లేకుండా ఉండాలి. నడక నిటారుగా ఉండాలి. అన్నింటికంటే ముఖ్యం, ఎన్ని గుడ్లు పొదిగితే ఎన్ని పిల్లలు లేచాయి, రెండు నెలలకు వాటిలో ఎన్ని మిగిలాయి అన్నది. పన్నెండు పిల్లల్ని లేపి మూడింటిని దక్కించుకున్న పెట్ట కంటే, ఎనిమిదింటిని లేపి ఆరింటిని దక్కించిందే మంచి తల్లి. బరువు చూసి మురిసిపోవడం ఇక్కడ పనికిరాదు. మరీ బరువైన పెట్ట గంపలో గుడ్లు పగలగొట్టేస్తుంది.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. నోటు పుస్తకం ఒకటి చాలు. గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, పెట్ట గుర్తు రాయాలి. వారం పది రోజులకు మించి నిలవైన గుడ్డు పొదుగుకు పెట్టొద్దు. ఏడో రోజు రాత్రి టార్చిలైటు ముందు పెట్టి చూస్తే, బీజం ఉన్న గుడ్డులో సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. పిల్ల లేచిన రోజే కాలివేళ్ల మధ్య పొరకు చిన్న రంధ్రం పెట్టడం ఫారాల్లో ఉన్న పద్ధతే. రెండు కాళ్లకూ కలిపి నాలుగు చోట్లుంటాయి. రంధ్రం పెట్టినవీ పెట్టనివీ మార్చి మార్చి చూస్తే పదహారు రకాల గుర్తులొస్తాయి. ఏ పిల్ల ఏ తల్లిదో పెద్దయ్యాకా చెప్పేయొచ్చు.

ఒక్క ఇంటితో అయ్యే పని కాదు

అన్నీ సరిగ్గా చేసినా ఓ చిక్కుంది. పది పెట్టలకు ఒక్క పుంజును ఉంచితే పుట్టే పిల్లలన్నీ ఒకే తండ్రి బిడ్డలు. జన్యుశాస్త్రం లెక్కలో ఆ పదకొండు కోళ్లూ నాలుగింటి కిందకే వస్తాయి. తర్వాతి ఏడు అన్నాచెల్లెళ్లే జతకడతాయి. గుడ్లు సరిగా పొదగవు, పిల్లలు నీరసంగా పుడతాయి, ఎదగవు. పుంజుల్ని మూడు చేస్తే లెక్క తొమ్మిది దాటుతుంది. ఎంత తేడా! కానీ మూడు అసీల్ పుంజుల్ని ఒకే పెరట్లో వదిలితే సాయంత్రానికి ఒకటే మిగులుతుంది. పసితనంలోనే పొడుచుకునే జాతి అది.

అందుకే మూడు పుంజులు మూడిళ్లలో ఉండాలి. ఏడాదికోసారి చేతులు మారాలి. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా ఏజెన్సీ గ్రామాల ఆదివాసీలు ఇలాంటి ఏర్పాటే చేసుకున్నారు. అసీల్ పెట్టను ఒకరిస్తారు, ఇంకొకరు సాకుతారు, లేచిన పిల్లల్ని వాటాలు వేసుకుంటారు. పశువైద్యుల సంస్థ ‘ఆంత్ర’ అక్కడ మహిళలతో కలిసి పనిచేస్తూ ఈ వాటా పద్ధతికి ఊతమిచ్చింది. చేతిలో పైసా లేని ఇంటికి కోళ్లు చేరడం ఒక లాభం. విత్తనం నాలుగు గడపల్లో చెదిరి ఉండటం ఇంకో లాభం. కొక్కెర తెగులు వస్తే ఒక పెరడు ఖాళీ అవడానికి వారం చాలు. మొదటి వారంలో లాసోటా చుక్కలు, రెండు నెలలు దాటాక ఆర్2బి టీకా వేయిస్తే చాలావరకు గట్టెక్కొచ్చు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది. అలాంటప్పుడు రోగం బయటపడిన చోటికి చుట్టూ కిలోమీటరు లోపు కోళ్లన్నింటినీ చంపేయాల్సి వస్తుంది. పక్క ఊళ్లో చుట్టాలింట్లో ఉన్న వాటా పెట్టే ఆ రోజున ఆదుకుంటుంది.

ఇక సంక్రాంతి బేరం. డిసెంబరులో బ్రోకర్లు ఇంటింటికీ తిరిగి పుంజుల్ని ఏరుకెళతారు. ఒక్కోదానికి వేలల్లో ఇస్తారు. కాదనగలిగే ఇళ్లు తక్కువ. మంచివన్నీ అలా వెళ్లిపోయాక పెరట్లో మిగిలినది, అంటే ఎవరూ కొననిది, ఆ ఏడాది పెట్టలన్నింటికీ మొగుడవుతుంది. వరి రైతెవరైనా మంచి గింజలన్నీ అమ్మేసి తాలు గింజలు విత్తనానికి దాస్తాడా? కోళ్ల దగ్గర మాత్రం ఏటా అదే చేస్తున్నాం.

బ్రోకరు గుమ్మంలోకి రాకముందే, దసరా నాటికే, నోటు పుస్తకం తిరగేసి రెండు పుంజుల్ని వేరు చేసుకోవచ్చు. ఒకటి ఇంట్లో కట్టేసుకోవాలి. రెండోది పక్క వీధిలో పిన్నిగారింట్లో కట్టేయించాలి. ధర ఎంత చెప్పినా ఆ రెండూ బేరానికి లేవని బ్రోకరుకు ముందే చెప్పేయాలి. మిగతావాటిలో ఏది బరువు తూగితే దాన్ని ఇచ్చేయొచ్చు, లేదంటే కనుమ నాడు గారెల్లోకి పులుసు ఉండనే ఉంది.