తేట నీటిలో చేపల వేట

సెలవు రోజున వాగులో దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేపలు పట్టాలని మీకెప్పుడైనా అనిపించిందా? నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కొత్తపల్లె వంటి ఊళ్లలో ఉండే పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. తూర్పున నల్లమల కొండలు, పడమట ఎర్రమల కొండలు, నడుమ కుందూ నది. కొండల మీద కురిసిన వాన వాగులుగా, వంకలుగా దిగివచ్చి కుందూలో చేరుతుంది. కుందూ కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. పదండి, మనమూ ఒకరోజు అటువంటి వాగులో దిగి చూద్దాం. అయితే చేపల కంటె ముందు నీటి సంగతి తెలుసుకోవాలి.

నీళ్లు తేటపడేదెలా?

వానకాలంలో ఎర్రగా పారిన వాగే కార్తీక మాసం నాటికి అద్దంలా తేటపడుతుంది. ఎందుకు? వాన నీరు మట్టిని కడిగి మోసుకువస్తుంది. నీటి వడి తగ్గగానే బరువైన రేణువులు అడుగుకు దిగిపోతాయి. ఒక మీటరు లోతు నిలకడ నీటిలో సన్నని ఇసుక దిగడానికి కొద్ది నిమిషాలు చాలు. అతి చిన్న బంకమట్టి రేణువుకైతే రోజులు పడుతుంది.

మహానంది పుష్కరిణిని చూసినవారికి నీటి తేట అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నీళ్లలో పడిన నాణెం కూడా అడుగున స్పష్టంగా కనిపిస్తుంది. అది ఊట నీరు. రాళ్ల పొరల గుండా మెల్లగా వడగట్టుకుని వస్తుంది కనుక అంత నిర్మలంగా ఉంటుంది. (అక్కడ చేపలు పట్టకూడదు సుమా!)

చేప మనల్ని ఎలా చూస్తుంది?

గట్టు మీద నిటారుగా నిలబడితే చేపలు చటుక్కున మాయమవుతాయి. వంగి నడిచేవాడికి మాత్రం దగ్గరగా దొరుకుతాయి. కారణం వక్రీభవనం. గాలిలో నుండి నీటిలోకి పోయే కాంతి కిరణం వంగుతుంది. ఎంత వంగుతుందో లెక్కకట్టే సూత్రాన్ని 1621లో హాలెండ్ శాస్త్రజ్ఞుడు స్నెల్ కనుగొన్నాడు.

దీనివల్ల నీటి పైనున్న లోకమంతా చేపకు తల పైన ఒక గుండ్రని కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. మీటరు లోతున ఉన్న చేపకు ఈ కిటికీ అడ్డుకొలత సుమారు రెండుంపావు మీటర్లు. కిటికీ అవతల నీటి ఉపరితలం అద్దంలా పనిచేసి వాగు అడుగునే చూపుతుంది. గట్టున ఉన్న మనిషి ఆ కిటికీ అంచున, నొక్కినట్లు పొట్టిగా కనబడతాడు. వంగితే ఇంకా కిందికి జారి, దాదాపు కనబడకుండా పోతాడు. చేపకు లోకం ఎలా కనిపిస్తుందో తెలుసుకోవాలని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ బకెట్‌లో నీళ్లు నింపి, దాన్నే కెమెరాగా మార్చి ఫొటోలు తీశాడు. వాటిని 1906లో ప్రచురించాడు.

మాటా? అడుగుల చప్పుడా?

"మాట్లాడకండి, చేపలు బెదురుతాయి" అని పెద్దలు కసురుతూ ఉంటారు. నిజానికి గాలిలోని ధ్వని నీటిని తాకగానే దాదాపు అంతా వెనక్కు మళ్లుతుంది. వెయ్యి పాళ్లలో ఒక పాలు మాత్రమే లోపలికి పోతుంది. కాని నీళ్లలో రాయి కదిలితే ఆ చప్పుడు సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పాకుతుంది. గాలిలో కంటె ఇది నాలుగు రెట్లకు పైనే. అంతేకాదు, చేప పక్కల వెంట తల నుండి తోక దాకా పార్శ్వరేఖ అనే జ్ఞానాంగం ఉంటుంది. నీటిలోని చిన్న కదలికను కూడా దానితో పసిగడుతుంది. కాబట్టి గుసగుసల కంటె కాళ్లను అదుపులో పెట్టుకోవడం ముఖ్యం.

ఏ వైపు నుండి వెళ్లాలి?

పారే నీటిలో చేప సాధారణంగా ఎగువకు మొగం పెట్టి నిలుస్తుంది. అలా నిలిస్తే కొట్టుకుపోదు. ఎదురువచ్చే నీరు ఆహారాన్నీ తెస్తుంది. అందుచేత మనం దిగువ నుండి ఎగువకు నడవాలి. అప్పుడు చేప వెనుక నుండి వెళతాం. మన కాళ్లు రేపిన బురద కూడా వెనక్కే పోతుంది.

మధ్యాహ్నానికి చేపలు చోటు మారుస్తాయి. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. ఎండకు ఒడ్డున ఉన్న నీరు వేడెక్కగానే చేపలు లోతు మడుగులకో, చెట్ల నీడకో, రాళ్ల మీద నురగలు కక్కుతూ పారే చోటికో చేరుతాయి. కొర్రమీనుకు ఈ చిక్కు తక్కువ. అది పైకి వచ్చి గాలినే పీల్చుకోగలదు.

ఊతలోని విజ్ఞానం

ఊతను చూశారా? వెదురు బద్దలతో అల్లిన, అడుగులేని గంప అది. లోతు తక్కువ నీటిలో నడుస్తూ దాన్ని నిలువుగా దించి, పై రంధ్రంలో చెయ్యి పెట్టి చేపను తీస్తారు. ఏటవాలుగా బల్లెం విసిరితే చేప తప్పిపోతుంది. ఎందుకంటే చేప మనకు కనిపించే చోటు కంటె కిందుగా ఉంటుంది. నేరుగా పై నుండి చూస్తే లోతులో తేడా వస్తుందేగాని, పక్కకు తేడా రాదు. ఊత నిలువుగానే దిగుతుంది కనుక గురి తప్పదు. వక్రీభవనం పేరు వినకపోయినా మన పెద్దలు అనుభవంతో దాన్ని గెలిచారన్నమాట!

అడుగు కనిపించిందని అడుగు వేయకండి

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. చేపను పైకి తేల్చి చూపే కాంతి వాగు అడుగునూ పైకి తేల్చి చూపుతుంది. నేరుగా పై నుండి చూసినా అసలు లోతులో ముప్పాతికే కనబడుతుంది. ఐదడుగుల ఎత్తున్న పిల్లవాడు "నాలుగడుగులే, మెడ లోతు కూడా రాదు" అనుకున్న చోట నిజానికి ఐదడుగుల నాలుగంగుళాల నీరుంటుంది. అంటే తల మునుగుతుంది! గట్టు మీద నుండి ఏటవాలుగా చూస్తే లోతు ఇంకా తక్కువగా కనిపిస్తుంది. ఇసుక తవ్విన గుంతలు ఇలాగే మోసం చేస్తాయి. నీరు ఎంత తేటగా ఉంటే మోసం అంత ఎక్కువ.

నీటి వడి సంగతీ గుర్తుంచుకోండి. వడి రెండింతలైతే మనల్ని తోసే బలం నాలుగింతలవుతుంది. లోతు పెరిగేకొద్దీ ఉత్ప్లవనం వల్ల మన బరువు తేలి, కాళ్ల పట్టు సడలుతుంది. రాళ్ల మీది పాచి అందుకు తోడు. అందుకే మోకాలు దాటవద్దు. ఈత తెలిసిన పెద్దవారు లేకుండా అసలు దిగవద్దు. చేతి కర్రతో లోతు చూసి, ఆ తరువాతే కాలు పెట్టండి. తేటనీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగితే ఎగువన వాన పడిందని అర్థం. మీకు ఎండ కాస్తున్నా సరే, వెంటనే గట్టెక్కండి.

ఈ లెక్క నమ్మకం కుదరలేదా? ఇంట్లోనే చూడండి. గిన్నెలో నాణెం వేసి, గిన్నె అంచు చాటున అది మరుగయ్యేదాకా వెనక్కు జరగండి. కదలకుండా నిలబడి, మరొకరిచేత గిన్నెలో మెల్లగా నీళ్లు పోయించండి. మరుగైన నాణెం మళ్లీ కనిపిస్తుంది. నాణెం లేచిందా? లేదు. లేచినట్లు కనిపించింది, అంతే. వాగు అడుగు కూడా అంతే!