బెట్జ్ మహాకణముల లెక్క

మనుష్యుడు కాలి బొటనవ్రేలిని కదల్పదలచిన క్షణమున ఆ యాజ్ఞ నడినెత్తి క్రింద మెదడులో పుట్టి, మజ్జాముఖము కడ రెండవ ప్రక్కకు దాటి, వెన్నుపాము వెంట నడుము వరకు దిగవలెను. అంత దూరము తంతువును చాచు కణము చిన్నదిగా నుండునా?

కీవ్ విశ్వవిద్యాలయమున శరీరనిర్మాణశాస్త్రము బోధించిన వ్లాదిమిర్ బెట్జ్ మెదడును పలుచని పొరలుగా కోసి, కార్మైను అను ఎఱ్ఱరంగు పట్టించి పరీక్షించెను. చాలక వల్కలపు అయిదవ పొరలో పిరమిడు ఆకారముగల మహాకణములు కానవచ్చెను. ఆ సంగతిని 1874లో ప్రకటించెను. వానిలో పెద్దవియైనను మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే. మహత్త్వమంతయు ఇరుగుపొరుగు కణములతో పోల్చినప్పుడే. నాలుగేండ్లకు పూర్వము బెర్లినులో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనువారు కుక్క మెదడుపై విద్యుత్తును ప్రయోగించి కాళ్లను కదలించియుండిరి. అట్టి చలనములకు ఈ కణములే మూలమని బెట్జ్ ఊహించెను.

తరువాతివారు ఆ యూహను మఱింత సాగదీసిరి. మెదడునుండి వెన్నుపామునకు దిగు పిరమిడ్ మార్గమంతయు ఈ కణములనుండియే పుట్టునని పెక్కేండ్లు బోధించిరి. లెక్క అడ్డు వచ్చెను.

ఈ లెక్క తేలిక కాదు. మెదడును పొరలుగా కోసినప్పుడు ఒకే కణము తెగి రెండు మూడు పొరలలో కనబడును. కనబడినదానినెల్ల లెక్కించినచో సంఖ్య ఉబ్బిపోవును. కావున కేంద్రకము నడుమనుండు కేంద్రకాంశము కనబడిన చోటనే కణమును లెక్కకు తీసికొనుట ఒక పద్ధతి. అట్టి పొరపాటును సవరించుటకు అబర్‌క్రాంబీ 1946లో ఒక సూత్రమును గూడ ఇచ్చెను. ఇంకొక చిక్కున్నది: ఏది మహాకణము? పరిమాణములు మెట్టుమెట్టుగా పెరుగునేకాని నడుమ గోడ లేదు. ఎంత పొడవున్నవానిని పొడగరి యనవలెనో చెప్పుట వంటిదే ఇది.

అమెరికా శాస్త్రజ్ఞుడు లాసెక్ 1940లో ప్రకటించిన లెక్క ప్రకారము మెదడు ఒక అర్ధభాగమున ఇవి సుమారు 34,000; అందు ముప్పాతిక వంతు కాలికి సంబంధించిన ప్రాంతముననే యున్నవి. అదే ప్రక్క పిరమిడ్ మార్గములోని తంతువులో, సుమారు పది లక్షలు! నూటికి మూడు నాలుగు మాత్రమే బెట్జ్ కణములవి. మిగిలినవి చిన్న కణములనుండియు, పొరుగు ప్రాంతములనుండియు, స్పర్శజ్ఞానపు వల్కలమునుండియు వచ్చుచున్నవి. అయినను బెట్జ్ చూపు వ్యర్థము కాలేదు. ఆ మార్గమున మిక్కిలి లావైన తంతువులు గూడ నూటికి ఇంచుమించు అంతే. సందేశమును అతివేగముగా గొనిపోవునవి అవియే.

అమయోట్రోఫిక్ లేటరల్ స్క్లీరోసిస్ అను వ్యాధియందు చాలక నాడీకణములు నశించి కండరములు క్షీణించును. బెట్జ్ కణములును తగ్గిపోవును. ఎంత తగ్గినవో చెప్పుటకు ఆరోగ్యవంతుని మెదడులో ఎన్ని యుండునో ముందు తెలియవలెను గదా! నేడు కంప్యూటరు సాయముతో లెక్కించుచున్నను, ఒక కణమును రెండుమారులు లెక్కింపకుండుటకే పరిశోధకులు ఎక్కువ శ్రమపడుచున్నారు.