ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఏ ఆయిల్ పోయాలి? ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కాదు

కంభం నుంచి మాట్లాడుతున్నాను. గిద్దలూరు వైపు నుంచి ఒక అన్న అడిగాడు. "సెకండ్ హ్యాండులో ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ తీసుకున్నాను. గేర్ ఆయిల్ మార్పిద్దామంటే షాపులో ఎర్ర ఆయిల్ డబ్బా ఇచ్చి, ఏటీఎఫ్ అంటే అన్నీ ఒకటే, పోసెయ్ అంటున్నారు. పోయొచ్చా?" అని. పోయొద్దన్నా. ఎందుకో చెప్తాను, మిగతావాళ్లకూ పనికొస్తుంది.

ముందు ఆ డబ్బా సంగతి. మన వైపు ఏటీఎఫ్ అడిగేవాళ్లలో ఎక్కువమంది పవర్ స్టీరింగ్ కోసమే అడుగుతారు. లారీలు, ట్రాక్టర్లు, పాత జీపులు. వాటికి డెక్స్‌రాన్ 2, డెక్స్‌రాన్ 3 అనే పాత రకం సరిపోతుంది. కాబట్టి షాపాయన అబద్ధం ఆడట్లేదు, ఆయన చేతిమీదుగా పోయిన బండ్లకు నిజంగానే అన్నీ ఒకటే.

గేర్‌బాక్సు లోపల కథ వేరు. ఇంజన్ ఆయిల్‌కి ముఖ్యమైన పని జారుడు. ఏటీఎఫ్ మాత్రం జారాల్సిన చోట జారాలి, పట్టాల్సిన చోట పట్టనివ్వాలి. క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉండి ఒకదాన్నొకటి పట్టుకోవాలి కదా! అదే ఆయిల్ టార్క్ కన్వర్టర్లో ఇంజన్ బలాన్ని అవతలికి అందించాలి, ప్రెషర్‌తో గేర్లు మార్పించాలి, వేడిని మోసుకుపోవాలి. ఆ పట్టు ఎంత ఉండాలో నిర్ణయించే మందులు ఆయిల్లో కలుపుతారు. 1970ల మొదటి దాకా అమెరికాలో దీనికి తిమింగలం నూనె వాడేవాళ్లంటే నమ్ముతారా? తిమింగలాల వేట ఉత్పత్తుల మీద నిషేధం వచ్చాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కున్నాయి.

ఎరుపు రంగుకి ఈ గుణంతో సంబంధం లేదు. అది కలిపిన రంగు. కింద లీకైతే ఇంజన్ ఆయిలా, ఏటీఎఫ్‌ఆ అని తెలియడానికి.

క్రిస్టాకి టొయోటా చెప్పింది ఏటీఎఫ్ డబ్ల్యూఎస్. ఇది పల్చటి ఆయిల్. 100 డిగ్రీల వేడిలో డెక్స్‌రాన్ 3 చిక్కదనం సుమారు 7 సెంటీస్టోక్స్ ఉంటే, డబ్ల్యూఎస్ 6 లోపే. టొయోటాలోనే దీనికంటే పాతది టీ-4 ఉంది, దాన్నీ దీని బదులు పోయకూడదు. ఒకే కంపెనీ డబ్బాలే ఒకదానికొకటి పనికిరానప్పుడు షాపులో ఎర్ర డబ్బా ఎట్లా పనికొస్తుంది?

ఇంకోటి. డెక్స్‌రాన్ పేరు జనరల్ మోటార్స్ వాళ్లది. డెక్స్‌రాన్ 6 వచ్చాక, 2006తో డెక్స్‌రాన్ 3కి లైసెన్సులు ఆపేశారు. ఇప్పుడు డబ్బా మీద డెక్స్‌రాన్ 3 అని ఉందంటే అది తయారుచేసినవాళ్ల మాటే, పరీక్షించే జనరల్ మోటార్స్ వెనక లేదు. 3 అడిగే బండిలో 6 పోయొచ్చు, 6 అడిగే బండిలో 3 పోయకూడదు.

బండి పేరు చెప్పి ఆయిల్ అడగొద్దు, గేర్‌బాక్సు ఏదో తెలుసుకుని అడగండి. ఇప్పటి క్రెటానే చూడండి. డీజిల్ ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్, మామూలు పెట్రోల్లో సీవీటీ రకం, టర్బోలో డీసీటీ. మూడింటికీ మూడు ఆయిళ్లు. హోండా సిటీలోనూ అంతే, పాత ఐదు గేర్ల ఆటోమేటిక్‌కి ఏటీఎఫ్, 2014 మోడల్ నుంచి సీవీటీకి హెచ్‌సీఎఫ్-2. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు, పుల్లీ జారి అరిగిపోతాయి, అది లక్షల్లో ఖర్చు. ఇక సెలెరియో లాంటి ఏఎంటీ ఉన్నవాళ్లు ఏటీఎఫ్ మాటే మర్చిపోండి. అది మామూలు గేర్‌బాక్సే, మనకు బదులు మిషను క్లచ్ తొక్కుతుంది. మాన్యువల్ గేర్ ఆయిలే పడుతుంది.

కంపెనీ డబ్బానే కొనాలా అంటే, అక్కర్లేదు. వేరే బ్రాండు కొంటే డబ్బా వెనక మీ బండికి చెప్పిన స్పెసిఫికేషన్ పేరు ఉందో లేదో చదవండి. "అన్ని కార్లకూ" అని ముందు పెద్దక్షరాల్లో ఉన్నది లెక్కలోకి తీసుకోవద్దు. నన్నడిగితే, మనలాంటి చిన్న ఊళ్లో నకిలీ భయం కూడా ఉంది కాబట్టి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సర్వీస్ సెంటర్ కౌంటర్లో బిల్లుతో కొనడమే మేలు.

కొన్ని బండ్లకు ఆయిల్ మార్చనక్కర్లేదంటారు. అదే మాన్యువల్లో కఠినమైన వాడకానికి వేరే లెక్క ఉందేమో వెతకండి. గిద్దలూరు దాటి నంద్యాల ఘాట్‌లో మే నెల ఎండకి, నిండా జనంతో, లారీ వెనక పాక్కుంటూ ఎక్కడం కఠినమైన వాడకం కాకపోతే మరేమిటి? అక్కడ టార్క్ కన్వర్టర్లో పుట్టే వేడంతా ఆయిల్ మీదే పడుతుంది.

ఒకవేళ ఇప్పటికే వేరే ఆయిల్ పోయించినవాళ్లు ఉంటే, ఒక్కసారి డ్రైన్ చేస్తే మొత్తం రాదు. టార్క్ కన్వర్టర్లో, కూలర్ పైపుల్లో చాలా ఉండిపోతుంది. సరైన ఆయిల్ పోసి, కొంత తిప్పి, మళ్లీ తీసి పోయాలి, రెండు మూడు సార్లు. గేరు వేశాక కదలడానికి ఆలస్యం, వణుకు, మాడు వాసన ఉంటే ఇంకా తిప్పకుండా చూపించండి.

క్రిస్టా అన్నకి చివరి మాట. దానికి డిప్‌స్టిక్ ఉండదు. బండి చదునుగా నిలబెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, మాన్యువల్లో చెప్పిన ఆయిల్ వేడిలో చెక్ ప్లగ్ విప్పి లెవెల్ చూడాలి. స్కానర్‌తో ఆ వేడి చూడగలిగిన షెడ్డుకే తీసుకెళ్లండి. తీసిన పాత ఆయిల్‌ని కొలిచి పెట్టమనండి, ఎంత తీశారో అంతకు దగ్గరగా పోశారో లేదో మీకే తెలుస్తుంది.