నూనె తీసే హెక్సేన్: మేలెంత? ముప్పెంత?

వడ్లు మర పట్టిస్తే బియ్యం, ఊక, తవుడు వేరవుతాయి. ఒకప్పుడు తవుడంటే పశువుల దాణా అనే అనుకునేవారు. అయితే అందులో సుమారు 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. గానుగలో పిండి ఈ నూనెను రాబట్టడం కష్టం. మరి బజారులో దొరికే తవుడు నూనె ఎలా వస్తోంది? దానిని బయటికి లాగేది హెక్సేన్ అనే ద్రావణి.

ఏమిటీ హెక్సేన్?

ఇది పెట్రోలియం నుంచి లభించే హైడ్రోకార్బన్. దీని అణువులో 6 కార్బన్, 14 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. రంగులేని ఈ ద్రవానికి పెట్రోలు లాంటి వాసన ఉంటుంది. లీటరు నీరు కిలో తూగితే, లీటరు హెక్సేన్ 660 గ్రాములే తూగుతుంది. నీటిలో ఇది దాదాపు కరగదు. నూనెలను మాత్రం ఇట్టే కరిగించుకుంటుంది. సజాతి పదార్థాలు సజాతి ద్రావణులలోనే కరుగుతాయని మీరు చదువుకొనే ఉంటారు. నీరు ధ్రువ ద్రావణి. హెక్సేన్, నూనె రెండూ అధ్రువ పదార్థాలు.

మిల్లులో తవుడును ఆవిరితో ఉడికించి గుళికలుగా చేసి, వాటిపై వెచ్చని హెక్సేన్ చిలకరిస్తారు. నూనెను కరిగించుకొని కిందికి దిగే ద్రావణమే మిసెల్లా. దానిని వేడి చేస్తే హెక్సేన్ ఆవిరై, నూనె మిగులుతుంది. ఆవిరిని చల్లార్చి, ద్రవంగా మార్చి మళ్ళీ వాడతారు. హెక్సేన్ 69 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది. పైగా కిలో నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడిలో సుమారు ఏడో వంతు దీనికి చాలు. అందుకే ఇంధనం ఆదా అవుతుంది. చివరికి తవుడులో మిగిలే నూనె 1 శాతం లోపే.

మరి మన వంటనూనెలో హెక్సేన్ మిగిలిపోదా? శుద్ధి చేసిన నూనెలో పది లక్షల భాగాలకు 5 భాగాలకు మించి ఉండరాదని మన దేశ ఆహార నిబంధనలు చెబుతున్నాయి. అసలు ముప్పు తినేవారి కంటే దానితో పనిచేసేవారికే ఎక్కువ.

నేల మీద పాకే ఆవిరి

సులభంగా ఆవిరి కావడం మిల్లుకు లాభం, మనిషికి ప్రమాదం. మైనస్ 22 డిగ్రీల చలిలో కూడా నిప్పంటుకోవడానికి సరిపడా ఆవిరి హెక్సేన్ నుంచి వెలువడుతుంది. దీని అణుభారం 86, గాలి సగటు అణుభారం 29. అంటే ఈ ఆవిరి గాలికి మూడు రెట్లు బరువు. అది పైకి పోదు. నేల మీద పాకి గుంటల్లో, మురుగు కాలువల్లో చేరుతుంది. గాలిలో 1.1 నుంచి 7.5 శాతం దాకా ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు, పేలిపోతుంది.

అమెరికాలోని లూయీవిల్ నగరంలో జరిగిందదే. ఒక సోయా నూనె మిల్లు నుంచి హెక్సేన్ మురుగు కాలువల్లోకి చేరింది. 1981 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున అది పేలి, సుమారు 3 కిలోమీటర్ల మేర వీధులు ధ్వంసమయ్యాయి. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు.

నరాలకు చేటు

రెండో ప్రమాదం చప్పుడు చేయదు. పీల్చిన హెక్సేన్‌ను కాలేయంలోని ఎంజైములు 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారుస్తాయి. ఇది నరాల్లోని ప్రోటీన్లను పట్టుకొని దెబ్బతీస్తుంది. పొడవైన నరాలు ముందుగా దెబ్బతింటాయి కనుక, మొదట కాలి వేళ్ళు, చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. తర్వాత కండరాలు బలహీనపడి నడవడమే కష్టమవుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఆ పని మానాక కూడా కొన్ని వారాలు జబ్బు ముదరవచ్చు. కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది.

1960లలో జపాన్‌లో జిగురుతో చెప్పులు అతికించే కార్మికులకు ఈ జబ్బు వచ్చింది. 2009లో చైనాలోని సుజౌలో ఫోన్ల తెరలు తుడవడానికి ఆల్కహాల్ బదులు, త్వరగా ఆరుతుందని హెక్సేన్ వాడారు. 137 మంది కార్మికులు జబ్బుపడ్డారు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. పేలుడుకు కనీస హద్దు 1.1 శాతం, అంటే పది లక్షల భాగాల్లో 11,000. రోజుకు 8 గంటలు పనిచేసేవారికి అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించిన సగటు పరిమితి 50 మాత్రమే. తేడా 220 రెట్లు! కాబట్టి నిప్పు భయం లేని గాలి కూడా నరాలకు విషం కావచ్చు. వాసననూ నమ్మలేం, ముక్కు దానికి త్వరగానే అలవాటు పడుతుంది.

జాగ్రత్తలు

మిల్లుల్లో ఆవిరిని నేల మట్టం నుంచే లాగి బయటికి పంపాలి, ఆవిరిని పసిగట్టే పరికరాలనూ అక్కడే అమర్చాలి. స్థిర విద్యుత్తు వల్ల రవ్వలు పుట్టకుండా పీపాలకు, గొట్టాలకు ఎర్తింగ్ ఉండాలి. మంటలు వస్తే నీటి ధార కొట్టకూడదు. హెక్సేన్ నీటిపై తేలి మంటను మరింత దూరం మోసుకుపోతుంది. నురుగు గాని, పొడి రసాయనం గాని వాడాలి. వీలున్నచోట హెక్సేన్‌కు బదులు, నరాలకు అంత హాని చేయని హెప్టేన్ వాడవచ్చు.

మీ కళాశాల ప్రయోగశాలలో సాక్స్‌లెట్ పరికరంతో గింజల్లోంచి నూనె తీసే ప్రయోగం చేస్తుంటే బర్నర్ వెలిగించకండి. విద్యుత్తుతో పనిచేసే నీటి తొట్టె మీద, ఫ్యూమ్ హుడ్ లోపల వేడి చేయండి. మామూలు రబ్బరు తొడుగులు పనికిరావు, నైట్రైల్ తొడుగులు వేసుకోండి. మిగిలిన ద్రావణిని సింకులో పారబోయకండి. అది ఎక్కడికి చేరుతుందో లూయీవిల్ మనకు చూపించింది.