పురుగుకు ఆకు లెక్క ఉంది, మరి మన నూనెకు?

ఈ వారం తోట, చాకీ మాటలు పక్కనపెట్టి మా ఇంటి వంట సంగతి రాస్తున్నాము.

శిడ్లఘట్ట పక్క పల్లె మాది. పోయినేడు మా నాయనకు గుండె రక్తనాళం పూడిందని స్టెంట్ వేశారు. "కొవ్వు తగ్గించండి" అన్నారు డాక్టరు. మేము భయపడి నూనె డబ్బానే దాచేశాము. ఊరుబిండి లేదు, పితికిపప్పు కూరకు తాలింపు లేదు, ముద్ద మీద నెయ్యి చుక్క లేదు. నాయన పది రోజులు ఏమీ అనకుండా తిన్నాడు. ఆ తర్వాత సగం ముద్ద వదిలి లేచిపోయేవాడు. గూళ్ళు అమ్మడానికి మార్కెట్‌కు పోయిన రోజు చూస్తే బజ్జీల బండి దగ్గర నిలబడి ఉన్నాడు! "ఏం చేసేదిరా, నోటికి రుచి అనేదే లేదు" అన్నాడు. తప్పు మాదే అనిపించింది.

మళ్ళీ డాక్టరును అడిగితే, "పూర్తిగా మానమనలేదు, కొలిచి వాడమన్నాను" అన్నారు.

నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఏ పూట ఎంత ఆకు వేయాలో మనకు తెలుసు. నూనె మాత్రం డబ్బా వంచి పోసేస్తాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి సుమారు 27 గ్రాములు చాలు. అంటే నెలకు లీటరు లోపే. మా నలుగురికీ మూడున్నర లీటర్లు సరిపోవాలి. లెక్క చూస్తే ఆరు అయిపోతున్నాయి!

ఇప్పుడు ఇలా చేస్తున్నాము:

• నెల మొదటి రోజే మూడున్నర లీటర్లు వేరే క్యానులో పోసి పెడతాము. కూరలో స్పూనుతోనే వేస్తాము.

• చెనక్కాయ గింజల్లో దాదాపు సగం నూనే. అది మంచి రకం కొవ్వే, అయినా ఊరుబిండికి మనిషికి గుప్పెడు మించనివ్వము.

• నెయ్యి వంటలో వేయము. వేడి ముద్ద మీద ఒక చిన్న స్పూను. వాసన పైనే ఉంటుంది కాబట్టి కొంచెంతోనే తృప్తి.

• బోండా, వడ గూళ్ళు విడిపించే రోజు, కూలివాళ్ళతో కలిసి తినేటప్పుడే. కాగిన నూనెలో మళ్ళీ వేయించము. మిగిలింది ఒకటి రెండు రోజుల్లో కూరకు వాడేస్తాము.

• వెల్లుల్లి, చింతపండు, నిమ్మకాయ కాస్త ఎక్కువ వేస్తాము.

నాయనకు రక్తపరీక్ష వచ్చే నెల ఉంది. రిపోర్టు ఎలా వస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఇప్పటికైతే ముద్ద పూర్తిగా తింటున్నాడు, బండి దగ్గర ఆగడం లేదు. గుండె, షుగరు మాత్రలు వాడేవాళ్ళు తమ డాక్టరు చెప్పిన లెక్కే పాటించండి.

మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్లు అవుతోంది? ఒకసారి కొలిచి గ్రూపులో చెప్పండి.