చదరంగము – స్త్రీల బుద్ధిబలము

చదరంగము మన దేశముననే పుట్టిన క్రీడయని పలువురు చరిత్రకారుల యభిప్రాయము. ఇంట కూర్చుండి యాడదగిన యీ యాటలో దేహబలముతో పనిలేదు. అయినను “ఆడువారికి ఎత్తులు వేయు బుద్ధి యెక్కడిది?” అను మాట నేటికిని వినవచ్చుచునే యున్నది. ఆ మాటలోని నిజమెంతయో మనస్తత్వ శాస్త్రజ్ఞులు విశ్వవిద్యాలయములలో పరిశోధించిరి. ఆ ఫలితములను సోదరీమణులకు తెలుపుట మా యుద్దేశము.

ముందుగా మన కృష్ణాతీరపు నిదర్శనమును చూతము. శ్రీమతి కోనేరు హంపి 1987లో గుడివాడలో జన్మించిరి. తండ్రి అశోక్ గారే తొలి గురువు. 2002లో, పదునైదేండ్లు నిండిన రెండు నెలలలోపుననే, ఆమె గ్రాండ్ మాస్టరు బిరుదమును పొందిరి. అంత చిన్న వయసున ఆ బిరుదమందిన స్త్రీ అంతకు ముందు లేదు. వివాహమై, తల్లియై, కొంతకాలము పోటీలకు దూరముగా నుండి మరల వచ్చి, 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను జరిగిన త్వరిత చదరంగపు పోటీలలో ప్రపంచ విజేత్రి యైరి.

“ఇట్టివారు ఏ కోటికో యొకరు, అది దైవదత్తము” అని కొందరనవచ్చును. 1973లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేజ్, సైమన్ అను పండితులు దీనికి సంబంధించిన యొక పరీక్ష ప్రకటించిరి. ఆట నడుమనున్న బల్లను అయిదు క్షణములు చూపి దాచివేయగా, ఆరితేరిన యాటగాడు పెక్కు పావుల స్థానములను జ్ఞప్తికి తెచ్చుకొనెను. క్రొత్తవాడు కొన్నిటినే చెప్పగలిగెను. కాని పావులను క్రమము లేక చెల్లాచెదరుగా పెట్టి చూపగా, ఇరువురకును భేదము దాదాపు లేకపోయెను. అనగా ఆ నేర్పునకు మూలము అసాధారణమగు జ్ఞాపకశక్తి కాదు. ఏండ్ల తరబడి చేసిన సాధన. మరి ఆ సాధనకు అవకాశ మెవరికి లభించుచున్నది?

2009లో బిలాలిచ్ మొదలగువారు జర్మనీ దేశమందలి లక్షా యిరువదివేలకు పైబడిన క్రీడాకారుల లెక్కలను పరిశీలించిరి. అందు స్త్రీ యొకతెకు పురుషులు పదునార్గురు. పదునారు గంపల నూజివీడు మామిడిపండ్లు ఒకవైపు, ఒక్క గంప మరియొకవైపు పెట్టి అన్నిటికంటె పెద్దపండును వెదకినచో, అది పదునారు గంపలలోనే దొరకుట సహజము గదా! అంతమాత్రమున ఒంటిగంప చెట్టు చెడ్డదగునా? పైశ్రేణి స్త్రీపురుషుల నడుమ కనబడు భేదములో నూటికి 96 పాళ్లు ఈ సంఖ్యాభేదమువలననే కలుగునని వారు తేల్చిరి. ఈ గణనవిధానమును కొందరు పండితు లాక్షేపించిరి. అయినను ఆడువారి సంఖ్య తక్కువయగుట యెంత ముఖ్యమో దీనివలన లోకమునకు తెలిసెను.

ఇంతకంటె ఆలోచింపదగినది ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమువారు 2008లో ప్రకటించిన పరిశోధన. సమానమగు నేర్పుగల స్త్రీపురుషులను 42 జంటలుగా కూర్చి, ఒకరికొకరు కనబడకుండ కంప్యూటరుపై ఆడించిరి. ఎదుటివా రెవరో తెలియనప్పుడు స్త్రీలు ఇంచుమించు పురుషులతో సమానముగా ఆడిరి. చదరంగము మగవారి విద్యయను భావమును గుర్తుచేసి, ఎదుట నున్నది పురుషుడని చెప్పగానే వారి యాట మిక్కిలి దిగజారెను. ఆ పురుషునే స్త్రీయని చెప్పి నమ్మించినప్పుడు మరల సమముగా ఆడిరి. ఆడినవారు వారే, నేర్పును అదియే; అడ్డుపడినది చెవినిబడిన మాట!

సోదరీమణులారా! కొడుకును పోటీలకని బస్సెక్కించి విజయవాడకు తీసికొనిపోవుచు, కూతును అంట్లు తోమ బెట్టు గృహములు మనలో లేవా? బల్ల, పావులు కొనుటకు గొప్ప వ్యయము లేదు. సాయంకాలము ఒక గంట తీరిక, ఓడినప్పుడు “నీవలన కాదు” అనకుండుట – ఈ రెండును బాలికకు మన మీయగలిగిన పెట్టుబడి. ప్రతి బాలికయు హంపి కాజాలదు. ప్రతి బాలుడును కాజాలడు. కాని తలవంచక ఎదుటివాని యెత్తును చూచి, నిదానించి తన యెత్తు తాను వేసికొన నేర్చిన పిల్ల, రేపు సంసారమునందును ఉద్యోగమునందును బెదరదని మా నమ్మకము.